దొంకలపేట మారకూడదు

చదివేవారికి ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది అరవై రెండో ఏట. నా ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట కూర్చుంటాయి. చేతి వేగమూ తక్కువే. ఈ కాగితాలు రాయడం వినాయక చవితికి మొదలుపెడితే నాగుల చవితి దాటిపోయింది. సుగుణ సిస్టరు ఒకసారి చూసి దిద్దింది. ఇంకా మిగిలిన తప్పులు నావే. క్షమించి, మెల్లగా చదవండి. నేనూ మెల్లగానే రాశాను.

మా ఊరు దొంకలపేట. పట్నంలో పెద్దాసుపత్రి ఇరవై ఆరు కిలోమీటర్లు. మధ్యలో ఒక గెడ్డ, అంటే వాగు, ఉంది. నాలుగు గట్టి వానలు పడితే గెడ్డ నీరు రోడ్డెక్కుతుంది, ఆటోలు ఈ గట్టునే ఆగిపోతాయి. ఊళ్లో ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. అందులో నర్సు సుగుణ సిస్టరు, ఆయా నేను. కాన్పుల గది ఉంది. బల్ల ఉంది. పురుడు పోయడంలో చేయి తిరిగిన సిస్టరు ఉంది. నీళ్లు మాత్రం లేవు. కుళాయి లేని గదిలో కాన్పు చేయరాదని పైనుంచి ఉత్తర్వు. నూట ఎనభై అడుగుల దూరంలో బోరింగు ఉంది గాని, ఉత్తర్వు రాసినవారి లెక్కలో బోరింగు కుళాయి కాదు.

మా చెల్లెలి కూతురు గౌరీశ్వరి మొదటి కాన్పు ఆ ఉత్తర్వు ప్రకారమే జరిగింది. అంటే నొప్పులతో పట్నానికి బయలుదేరింది, గెడ్డ దగ్గర ఆటో ఆగిపోయింది. బిడ్డ దక్కలేదు. దాని గురించి ఇంతకన్నా రాయను. ఆ తర్వాత గౌరి నాతో ఒకటే మాట అనేది.

"పెద్దమ్మా, ఇంకోపాలి నన్ను ఆ గెడ్డకాడికి తీసికెల్లకండే. సత్తే ఇక్కడే సత్తాను."

"నోరు ముయ్యి గుంటా. ఇంకోపాలికి గదిలోకి నీల్లొత్తాయి. నానున్నాను కదా," అనేదాన్ని. నీళ్లు ఎలా వస్తాయో నాకూ తెలీదు.

సరిగ్గా అప్పుడే విదేశాల వారు మా ప్రాంతంలో ప్రజారోగ్య వ్యవస్థల్ని బలోపేతం చేయడానికి వచ్చారు. నలభై ఒక్క ఉపకేంద్రాల పేర్లు చీటీలు వేసి తీస్తే మా ఊరి చీటీ విడిగా వచ్చిందట. "దొంకలపేట ప్రత్యేకంగా ఎంపికైంది" అని కబురు. ఎంపికైంది అంటే మా ఊళ్లో ఇంకో అర్థం తెలీదు. డప్పులు పిలిచాం. చామంతి దండలు కట్టాం. కారు దిగిన అధికారి వినయభూషణ్ గారికి చెవులు మునిగేదాకా దండలు వేశాం. ఆయన దండల్లోంచి ముఖం బయటికి తీసి మాట్లాడారు.

"దొంకలపేట ప్రజలకు హృదయపూర్వక అభినందనలు. ఈ కార్యక్రమంలో నలభై ఉపకేంద్రాలకు సాయం అందుతుంది. ఆ సాయం వల్లనే అవి బలపడ్డాయని శాస్త్రీయంగా నిరూపించాలంటే, ఏ సాయమూ అందని కేంద్రం ఒకటి పోలికకు ఉండాలి. ఆ పోలిక కేంద్రంగా నిలిచే అరుదైన గౌరవం మీకు దక్కింది."

జనం చప్పట్లు కొట్టారు. గౌరీశ్వరి మొగుడు సింహాద్రి ఒక్కడూ కొట్టలేదు. అతను పైపుల పని చేస్తాడు. నాలుగు ఊళ్లలో ఎవరింట్లో కుళాయి కావాలన్నా అతనే.

"బావూ," అన్నాడు సింహాద్రి, "అంటే మాకు ఏటీ రాదా?"

"ఏమీ రాదు అనకూడదు," అన్నారు వినయభూషణ్ గారు. "మీకు రాకపోవడం వస్తుంది. మూడేళ్లపాటు, క్రమం తప్పకుండా."

డప్పుల వాళ్లు దూరంగా ఉన్నారు, ఈ మాట వినపడలేదు. వాళ్లు ఇంకో అరగంట వాయించారు.

మర్నాటి నుంచి మూడు రోజులు నలుగురు మనుషులు వచ్చి మా ఉపకేంద్రంలో ఉన్నవీ లేనివీ రాసుకున్నారు. ఈ మొదటి లెక్కను బేస్‌లైన్ అన్నారు. పగిలిన పెంకులు పదిహేడు. మూడు కాళ్ల బెంచీ ఒకటి. నాలుగూ పదికి ఆగిన గడియారం. కాన్పుల గది గోడ మీద బల్లులు రెండు. కుళాయిలు, సున్నా. ఈ ఏడు జరిగిన కాన్పులు, సున్నా. చివర్లో నన్ను నిలబెట్టి ఫోటో తీసి రాసుకున్నారు. ఆయా, వితంతువు, వయసు అరవై ఒకటి, నిరక్షరాస్యురాలు.

తర్వాత వినయభూషణ్ గారు నియమాలు చెప్పారు. ఉపకేంద్రం ప్రహరీ గోడ లోపల ఏదైనా పాడవచ్చు. దాన్ని సహజ క్షీణత అంటారు, దానికి అభ్యంతరం లేదు. కాని ఏదీ బాగుపడకూడదు. బాగుపడితే దాన్ని మెరుగుదల కల్మషం అంటారు.

పదో రోజునే నేను ఆ నేరం చేశాను. ఒక ముసలాయన మూడు కాళ్ల బెంచీ మీద కూర్చోబోయి దొర్లిపోయాడు. నాలుగో కాలు ఉండాల్సిన చోట ఇటుక పెట్టాను. నాలుగు రోజులు అందరూ హాయిగా కూర్చున్నారు. అయిదో రోజు వినయభూషణ్ గారు వచ్చి, వంగి బెంచీ కిందకు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఈ ఇటుక ఎక్కడిది?"

"పెరట్లోది బావూ."

"ఎవరి ప్రోద్బలంతో పెట్టారు?"

"ముసిలాయన పడిపోనాడు బావూ."

"పడిపోవడం బేస్‌లైన్‌లో ఉందండీ. పడిపోకపోవడమే లేదు."

ఇటుకను గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, జిల్లా కేంద్రానికి తీసుకెళ్లారు. రసీదు ఇచ్చారు. బెంచీ మళ్లీ ఒరిగింది. ముసలాయన నేల మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. దాన్ని వారు సహజ క్షీణత కింద రాసుకున్నారు.

ఆ ఏడు మార్గశిరమాసంలో గౌరికి మళ్లీ నెల తప్పింది. శ్రావణంలో నెలలు నిండుతాయని లెక్క వేసి చెప్పింది సిస్టరు. శ్రావణం అంటే గెడ్డ రోడ్డు మీద ఉండే కాలం. ఆ సాయంత్రమే సింహాద్రి మా ఇంటికొచ్చాడు.

"పెద్దత్తా, ఆల్లెవులూ ఇవ్వక్కల్లేదు. నా ఇంటికాడ పైపులూ మోటారూ ఉన్నాయి. బోరింగు నుంచి గదికి నూట ఎనబై అడుగులు. ఒక్క రోజు పని. నాను ఎట్టేస్తాను."

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. ఊళ్లో ఆరుగురు పలుగులు పట్టుకొచ్చారు. కాలవ సగం తవ్వేసరికి కారు వచ్చింది. ఈసారి వినయభూషణ్ గారు కోప్పడలేదు. దాదాపు బతిమాలారు.

"సింహాద్రిగారూ, ఇది స్థానిక చొరవ. మా నియమావళి ప్రకారం అన్ని కల్మషాల్లోకీ ఇదే తీవ్రమైనది. మీ అంతట మీరే బాగుపడితే, సాయం దేనికని దాతలు అడుగుతారు. పోలిక చెడితే కార్యక్రమం మొత్తం రద్దవుతుంది. మీ ఒక్క పైపు కోసం నలభై ఊళ్లకు కుళాయిలు ఆగిపోతాయి. ఆ పాపం మీకు సమ్మతమేనా?"

ఆ నలభై ఊళ్లలో మాకు చుట్టాలు లేని ఊరు లేదు. సింహాద్రి చెల్లెల్నే ఒక ఊరికి ఇచ్చారు. పలుగులు పట్టుకొచ్చిన వాళ్లు తవ్విన మట్టి మళ్లీ కాలవలోకి తోశారు. వినయభూషణ్ గారు దగ్గరుండి, నేల పాత ఎత్తుకే వచ్చిందని కొలిపించారు.

అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఊళ్లో పైపులు బిగించడం తెలిసినవాడు ఒక్కడే కాబట్టి ఆ ఒక్కడినీ కట్టేస్తే చాలనుకున్నారు. వారం తిరక్కుండా సింహాద్రికి నియామకపు ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం పేరు యథాస్థితి రక్షకుడు. పని, ప్రహరీ లోపల ఎవరూ ఏమీ బాగుచేయకుండా కాపలా కాయడం. ఖాకీ చొక్కా, ఈల, గొడుగు ఇచ్చారు.

"సిగ్గునేదా నీకు?" అని గౌరి వాకిట్లోనే అడిగింది.

"నాను ఒద్దంటే ఇంకెవుణ్నో ఎడతారు. ఆడు బోరింగుకి కూడా తాళమేస్తాడు. నానైతే ఏదో ఒక రోజు కల్లు మూసుకుంటాను," అన్నాడు సింహాద్రి.

"ఇప్పుడు మూసుకో. నీ ముకం నాకు అగుపడకుండా."

కాపలావాడు దొరికాడు గాని, ఆ కాపలావాణ్ణి చూసుకునే వాళ్లు ఊళ్లో లేరు. జిల్లా కేంద్రం నుంచి రోజూ రావడం వారికి కష్టమైంది. గెడ్డ పొంగితే వారూ ఆగిపోతున్నారు. అది మాత్రం అన్యాయమని పై వారికి వెంటనే అర్థమైంది. మా ఉపకేంద్రానికి ఎదురుగా, వీధికి అవతల, ఒక ఆఫీసు కట్టారు. యథాస్థితి పరిరక్షణ కార్యాలయం. మేము ఎదురాఫీసు అనేవాళ్లం. మూడు నెలల్లో లేచింది. నున్నటి తెల్ల పలకల నేల. కరెంటు పోతే జనరేటరు. పొడవాటి బల్ల. వెనక విశ్రాంతి గదిలో మంచం, పరుపు. విదేశీ అతిథులు వస్తారని మూడు కుళాయిలు. అందులో ఒకటి తిప్పితే వేడినీళ్లు.

ఆ మూడు కుళాయిలు బిగించింది సింహాద్రే. ఇంకెవరికి చేతనవుతుంది? నీళ్లు తెచ్చింది కూడా మా బోరింగు నుంచే. సగం తవ్వి పూడ్చిన కాలవనే మళ్లీ తవ్వి, గది ముందు నుంచి వీధి దాటించి తీసుకెళ్లాడు. ఆ రోజు గౌరి అన్నం వండలేదు.

"నా కడుపుకి ఒక్క కుళాయి తేనోడివి. ఆల్ల చేతులు కడగడానికి మూడు తెచ్చినావా?"

"అది గోడకి అవతల కదే."

"నాను ఇవతల ఉన్నానని మర్సిపోనావా?"

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని మీద కూడా విచారణ జరిగింది. వినయభూషణ్ గారి మనుషులు, ఎదురాఫీసు లేవక ముందు నుంచే, వారానికో ఉత్తర్వు తెచ్చి మా గోడకు అంటించేవారు. సిస్టరు చదివి వినిపించేది. పెంకులు మార్చకూడదు. గడియారానికి బ్యాటరీ వేయకూడదు. బూజు అదనంగా దులపకూడదు. ప్రతి వాక్యం చివరా ఒకటే మాట. నేను ఊడుస్తూ ఊడుస్తూ ఆ మాట దగ్గర చీపురు ఆపి వేలు పెట్టేదాన్ని. కూడదు. దాన్ని పట్టుకుంటే మూడు అక్షరాలు వచ్చాయి. ఆ మూడింటిని పట్టుకుని మిగతా ఉత్తర్వుల్లోకి వెళ్లాను. వాళ్లు ఉత్తర్వులు ఆపలేదు, నేనూ ఆపలేదు. ఎనిమిది నెలల్లో బాలశిక్ష లేకుండానే గుణింతాలు వచ్చేశాయి.

ఒకరోజు వినయభూషణ్ గారు స్వయంగా ఒక కాగితం అంటిస్తుంటే చూశాను. "బావూ, అది తలకిందులు," అన్నాను.

ఆయన కాగితం సరిచేసి, రెండడుగులు వేసి, టక్కున ఆగిపోయారు.

"తవిటమ్మగారూ, మీకెలా తెలిసింది?"

"చదివితే తెలిసింది బావూ."

ఆయన అక్కడే, ఒరిగిన బెంచీ మీద కూర్చోబోయి మానేశారు. "బేస్‌లైన్‌లో మీరు నిరక్షరాస్యులు. కేంద్రం సిబ్బందిలో సగం మంది నిరక్షరాస్యులని నివేదిక అచ్చయిపోయింది. ఇప్పుడు మీరు చదివేస్తే ఏ సాయమూ లేకుండానే అక్షరాస్యత యాభై శాతం నుంచి నూటికి నూరు శాతానికి వెళ్లిపోతుంది. నలభై కేంద్రాల్లో ఎక్కడా అంత పెరుగుదల లేదు."

"మరేటి సెయ్యమంటారు బావూ?"

"మర్చిపోండి."

"మా ఆయన పోయి పద్దెనిమిదేల్లయింది బావూ. ఆయన దగ్గు ఎలాగుండేదో ఇప్పుడికీ మర్సిపోలేదు. అచ్చరాలు ఎలాగ మర్సిపోతాను?"

ఆయన అంటించిన కాగితం అంచులు మళ్లీ ఒకసారి నొక్కారు. "ప్రయత్నం చేయండి," అన్నారు చివరికి. "ప్రయత్నాన్ని కూడా మేము నమోదు చేస్తాం." ఆ రోజు నుంచి నేను ఊడ్చే వేళకు సింహాద్రి వచ్చి ఉత్తర్వుల మీద గోనెపట్టా దించేవాడు. దించే ముందు, "తొందరగా సదివేయ్ పెద్దత్తా," అని గొణిగేవాడు.

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం నుంచే వాన. గెడ్డ రోడ్డెక్కింది. సరిగ్గా ఆ వారమే మధ్యంతర సమీక్ష పెట్టారు. దాతల తరఫున హెల్గా అనే పొడవాటి దొరసాని గెడ్డ పొంగక ముందే వచ్చి ఎదురాఫీసు విశ్రాంతి గదిలో దిగింది. సమీక్ష పొద్దున పది గంటలకు. పొడవాటి బల్ల మీద జీడిపప్పు, బిస్కట్లు, నీళ్ల సీసాలు. గోడ మీద తెల్లటి తెర. తెర మీద మా ఉపకేంద్రం ఫోటోలు రెండు, నిరుడు తీసిందీ, ఈ ఏడు తీసిందీ. వినయభూషణ్ గారు కర్రతో చూపిస్తున్నారు.

"గమనించండి. తేడా లేదు. ఒక్క బల్లి తక్కువ. అది వృద్ధాప్యం వల్ల."

నేను అక్కడ టీ కప్పులు అందిస్తున్నాను. గౌరిని పట్టుకుని సుగుణ సిస్టరు లోపలికి వచ్చింది. గౌరి రెండు చేతులతో కడుపు పట్టుకుని వంగిపోయి ఉంది. వాన నీళ్లు కారుతున్నాయి. గుమ్మంలో సింహాద్రి ఈల మెళ్లో వేసుకుని నిలబడ్డాడు.

"సార్, ఈ అమ్మాయికి నొప్పులు," అంది సిస్టరు. "గెడ్డ దాటే దారి లేదు. మా గదిలో నీళ్లు లేవు. ఈ బల్ల ఖాళీ చేయండి."

"సిస్టర్, ఇది పరిశీలకుల భవనం. లబ్ధిదారుల భవనం కాదు."

"మేము లబ్ధిదారులం కాదు సార్. అది మీరే కదా చెప్పారు."

వినయభూషణ్ గారు కర్ర దించారు. "అలా కాదు. ప్రక్రియ ఉంది. దీనివల్ల పోలిక చెడుతుందేమో ఆలోచించండి."

"మీ రూలు ఏంటి సార్? ఆ ప్రహరీ లోపల ఏదీ బాగుపడకూడదు, అంతేనా? ఇది ప్రహరీ బయట. వీధికి ఇవతల. ఇక్కడ ఏం జరిగినా మా ఉపకేంద్రం మారదు. అక్కడ కాన్పులు సున్నా. రేపు కూడా సున్నాయే."

గౌరి బల్ల అంచు పట్టుకుంది. నావైపు చూసింది. ఆ చూపు నేను గెడ్డ దగ్గర ఆటోలో చూసిందే. నా చేతిలో ట్రే ఉంది. దాన్ని తెర మీది మా ఉపకేంద్రం ఫోటో కింద నేల మీద పెట్టాను.

"బావూ," అన్నాను, "పుస్తకంలో సూసుకోండి. కూడదని ఎక్కడైనా రాసుందేమో. రాసుంటే సెప్పండి, పిల్లని తీసికెల్లిపోతాం. నేకపోతే జీడిపప్పు తియ్యండి."

ఇది ఆయన కాదనలేని మాట. నియమావళి నూట డెబ్భై పేజీల పుస్తకం. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని వరండాలోకి నడిచారు, వెనకే అందరూ. సిస్టరు ఒక్క చేతితో బల్ల మీదివన్నీ ఒకవైపు తోసేసింది. సింహాద్రి వేడినీళ్ల కుళాయి తిప్పాడు. అది మొరాయించింది. "నాను బిగించిన కుళాయి నా మాట ఇనదా?" అని గట్టిగా ఒకటి కొట్టాడు. నీళ్లు వచ్చాయి. నేను అతన్ని బయటికి నెట్టి తలుపు వేశాను.

వరండాలో జరిగింది తర్వాత సింహాద్రి చెప్పాడు. వినయభూషణ్ గారు కుర్చీలో కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారట. ముప్పయ్యో పేజీ దగ్గర లోపల గౌరి అరిచింది. దొరసాని తలుపు వైపు చూసి ఆయన్ని ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆయన చేయి ఊపి ఇంగ్లీషులోనే జవాబు చెప్పారు. ఆవిడ తల ఊపి పుస్తకంలో రాసుకుంది. సింహాద్రి ఆగలేక డ్రైవర్ని అడిగాడట, ఏమన్నారని.

"లోపల ఏమవుతోందని అడిగింది. అది మా అధ్యయన పరిధిలోకి రాదని చెప్పారు," అన్నాడు డ్రైవరు.

నూట నలభయ్యో పేజీకి వానతో పాటు లోపలి అరుపులూ పెరిగాయి. నూట అరవై రెండుకు అన్నీ ఆగిపోయాయి. సింహాద్రి తలుపుకు చెవి ఆనించాడట. వినయభూషణ్ గారు పేజీ తిప్పలేదట. ఆయన కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరికి వచ్చారని సింహాద్రి చెప్పాడు. నేను చూడలేదు కాబట్టి ఒట్టు వేయలేను.

లోపల మాత్రం బిడ్డ నీలంగా ఉంది. సిస్టరు తలకిందులుగా పట్టుకుని వీపు రుద్దుతోంది. గౌరి పట్టుకున్న నా చేయి ఇంకా నొప్పి పుడుతుంది తలుచుకుంటే. "ఏదీ, ఏడవదేటి పెద్దమ్మా? ఏడవదేటి?" అంటోంది. నాకు తెలిసిన దేవుళ్లందరి పేర్లూ అయిపోయాయి.

అప్పుడు ఏడ్చింది. అలా ఇలా కాదు. జనరేటరు చప్పుడు వినపడలేదు.

తలుపు తెరిచేసరికి వినయభూషణ్ గారు ఎదురుగా నిలబడి ఉన్నారు, పుస్తకం మూసేసి. "నూట డెబ్భై పేజీలూ చూశాను," అన్నారు. ఎనిమిది పేజీలు చూడకుండానే అన్నారని సింహాద్రి సాక్ష్యం. "ఎక్కడా నిషేధం లేదు. కాబట్టి మొదలుపెట్టవచ్చు."

"మొదలెట్టేసినాం బావూ," అన్నాను. "ఆడపిల్ల."

ఆ వారం ఆయన పై అధికారులకు పంపిన నివేదికను నేనే చదివాను. మా గోడకు ఒక నకలు అంటిస్తారు కదా. దొంకలపేట పోలిక కేంద్రంలో ఏ మార్పూ లేదు. ఎదురు కార్యాలయంలో నీటి వినియోగం స్వల్పంగా పెరిగింది. అంతే.

ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆశ్వయుజంలో ఒకరు, కార్తీకంలో ఇద్దరు నడుచుకుంటూ ఎదురాఫీసుకు వచ్చారు. పక్క ఊరి నుంచి ఒకామె వచ్చింది. వాళ్ల ఊరు సాయం అందే నలభైలోదే. అక్కడ కుళాయి పెట్టడానికి ముందు కుళాయి వాడకం మీద శిక్షణలు ఇస్తున్నారట, ఇంకా ఆరు ఉన్నాయట. ఎదురాఫీసు గుమ్మంలో సందర్శకుల పుస్తకం రాసే బాధ్యత సింహాద్రిది. అతను నిజాయితీపరుడు, ఉన్నదున్నట్టే రాసేవాడు. వచ్చినవారు ఒకరు, వెళ్లినవారు ఇద్దరు. ఒకసారి వచ్చినవారు ఒకరు, వెళ్లినవారు ముగ్గురు. వినయభూషణ్ గారు ప్రతి శనివారం ఆ పుస్తకం తిరగేసి కింద సంతకం పెట్టేవారు. సమీక్షలన్నీ వరండాలోనే జరిగేవి. గాలి బాగుంటుందని ఆయన పై వాళ్లకు రాశారు.

మూడేళ్లు నిండాయి. మళ్లీ నలుగురు మనుషులు వచ్చి మూడు రోజులు రాసుకున్నారు. పెంకులు పదిహేడు కాస్తా ముప్పయ్యొకటి. బెంచీకి రెండు కాళ్లు. కుళాయిలు సున్నా. ఉపకేంద్రంలో కాన్పులు సున్నా. చివరికి నా వంతు వచ్చింది. వినయభూషణ్ గారే కాగితం నా ముందు పెట్టారు.

"ఇది చదవగలరా, తవిటమ్మగారూ?"

కాగితం మీద ఇలా ఉంది. తవిటమ్మ, ఆయా, నిరక్షరాస్యురాలు, మార్పు లేదు. నేను ఆయన ముఖం చూశాను. పాపం, అలసిపోయి ఉన్నారు.

"ఏటీ అగుపడట్లేదు బావూ."

"చాలా మంచిది," అన్నారు. ఆ మాట ఎంత మెల్లగా అన్నారంటే, మా ఇంటి మనిషి అన్నట్టుంది.

మూడేళ్లలో ఏ కొంచెమూ బాగుపడని పోలిక కేంద్రం ప్రపంచంలో ఇంకోటి లేదని దాతలు సంతోషించారట. ఆయనకు శాలువా కప్పారు. కార్యక్రమం రెండో దశకు ఇంకో అయిదేళ్లు పొడిగించారు. పోలిక కేంద్రంగా మళ్లీ మా ఊరే. ఈసారి చీటీలు కూడా వేయలేదు.

"రెండో దశకు ఎదురు కార్యాలయాన్ని విస్తరించమన్నారు," అని ఆయన సుగుణ సిస్టరును పిలిచి చెప్పారు. "పరిశీలకుల అవసరాలు ఏమిటో జాబితా ఇవ్వమన్నారు. ఇక్కడి పరిస్థితి మీకు తెలుసు కదా. మీరు రాసివ్వండి. కాని కార్యాలయ అవసరాలే రాయాలి. కేంద్రానికి సంబంధించింది ఏదీ ఉండకూడదు."

సిస్టరు, నేను కూర్చుని రాశాం. సిస్టరు చెబితే నేను రాశాను, నా అక్షరాల్లో. ఆయన కళ్లజోడు సరిచేసుకుని పైకి చదివారు.

"ఫైళ్లు తూచే యంత్రం, గ్రాములతో సహా చూపించేది. ఫైళ్లు చుట్టడానికి మెత్తటి నూలు గుడ్డలు, నలభై. ఫైళ్లను వెచ్చగా ఉంచే దీపం." అక్కడ ఆగారు. "సిస్టర్, ఫైళ్లకు చలి వేస్తుందా?"

"వానాకాలంలో బాగా వేస్తుంది సార్. కొత్త ఫైళ్లకు మరీను."

ఆయన మళ్లీ జాబితా చూశారు. "పాత ఫైళ్లు పడుకోవడానికి మంచాలు, మూడు. ఫైళ్లకు తోడుగా ఇక్కడే ఉండే మనిషి, ఒకరు." చాలాసేపు కిటికీలోంచి వీధికి అవతల మా ఉపకేంద్రం కేసి చూశారు. తర్వాత జేబులోంచి కలం తీశారు. సంతకం పెట్టబోయి, ఆగి, నూలు గుడ్డలు నలభై అని ఉన్నచోట కొట్టేసి తన చేత్తో రెండు వందలు అని దిద్దారు.

"ఈ ప్రాంతంలో ఫైళ్లు ఎక్కువ," అన్నారు.

యంత్రం వచ్చింది. దీపమూ వచ్చింది. గోడ లోపల దొంకలపేట ఉపకేంద్రం ఇప్పటికీ ఏమీ మారలేదు, కావాలంటే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఎదురాఫీసులో మేము ఇంతవరకు ఇరవై ఏడు ఫైళ్లు తూచాం. కిందటి మంగళవారం వచ్చిన ఫైలు గౌరీశ్వరిదే, రెండోది. బరువు మూడు కిలోల రెండు వందల గ్రాములు. తూస్తున్నంతసేపూ కాళ్లతో తన్నింది.

గేదెల తవిటమ్మ
వయసు అరవై ఆరు
ఉంటున్న చోటు: యథాస్థితి పరిరక్షణ కార్యాలయం, వెనక గది, దొంకలపేట